కోన్యూర్ల జంటకు ఐదడుగుల పంజరం: విశాఖ గాలిలో పద్నాలుగు నెలలు

గత ఏడాది సంక్రాంతి వెళ్లిన వారంలో రూ. 14,500 పెట్టి ఆన్‌లైన్‌లో ఈ పంజరం కొన్నాను. పద్నాలుగు నెలలుగా మా ఇంటి రెండు గ్రీన్ చీక్ కోన్యూర్లు (ఒక రకం చిన్న చిలుకలు) ఇందులోనే కాపురం ఉంటున్నాయి. డబ్బా విప్పిన రోజునే ఐదు నక్షత్రాలూ ఇచ్చేసిన వారి మాటలు నమ్మి కొన్నదాన్ని కాబట్టి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం పూర్తిగా గడిచాకే నా అభిప్రాయం రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. బ్రాండు పేరు రాయడం లేదు. ఇదే నమూనా, ఇవే కొలతలతో వేరు వేరు పేర్ల మీద అమ్ముడవుతూ కనిపిస్తోంది కనుక, పేరు కంటే కొలతలు చెప్పడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

ఇది ఐదడుగుల ఎత్తు, 32 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల లోతు ఉన్న, పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప పంజరం. స్టాండూ, దాని కింద సామాన్లు పెట్టుకునే అరా పోగా పక్షులకు దక్కే ఎత్తు మూడడుగులకు కాస్త ఎక్కువ. ఊచల మధ్య సందు 12 మిల్లీమీటర్లని కంపెనీ వారు రాశారు గానీ, నేను స్కేలు పెట్టి కొలిస్తే పక్కల 12, ముందు తలుపు చుట్టూ 15 వచ్చింది. కోన్యూర్లకు 15 దాకా ఇబ్బంది లేదు. బడ్జీలు పెంచేవారు మాత్రం ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. తల పట్టే సందు దొరికితే చాలు, ఆ చిన్న పక్షి బయటికైనా వచ్చేస్తుంది, లేదంటే మధ్యలో ఇరుక్కుపోతుంది.

మా పక్షులది దక్షిణ అమెరికా జాతి. బొలీవియా, దాని చుట్టుపక్కల దేశాల అడవులు వీటి పుట్టిల్లు. తోకతో కలిపి పది అంగుళాల పొడవు, 70 గ్రాముల దరిదాపుల్లో బరువు. పెద్దదాని పేరు గోరింట. ఒళ్లంతా ఆకుపచ్చ, తోక మాత్రం పండిన గోరింటాకు రంగు కావడంతో మా అత్తగారు ఆ పేరు పెట్టారు. రెండోదానికి చింటూ అని మా అబ్బాయి పెట్టాడు. వీటిలో ఆడదేదో మగదేదో చూసి చెప్పలేము. ఈకలు పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే గోరింట ఆడదని, చింటూ కూడా ఆడదేనని తేలింది. పేరు మార్చడానికి మా వాడు ఒప్పుకోలేదు.

పంజరం విడి భాగాలుగా వచ్చింది. నేనూ మా అబ్బాయీ కూర్చుని బిగిస్తున్న గంటన్నర సేపూ మా అత్తగారు భద్రాచల రామదాసు కథ చెబుతూనే ఉన్నారు. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో ఉంచిన పాపానికే ఆయనకు గోల్కొండ ఖిల్లాలో పన్నెండేళ్ల చెర పడిందని పెద్దలు చెప్పుకునే కథ అది. “అంతటి భక్తుడికే తప్పలేదు, నీకెన్నేళ్లు రాసిపెట్టి ఉందో చూసుకోమ్మా” అన్నారు. ఆ మాట గుచ్చుకున్నందువల్లనే కావచ్చు, ఈ పంజరం మంచిచెడ్డలను నేను ముఖ్యంగా ఒకే లెక్కతో చూస్తూ వచ్చాను: తలుపులన్నీ తీసి పెట్టినప్పుడు కూడా అవి తమంతట తాము లోపలికి వెళ్తున్నాయా, లేదా?

వెళ్తున్నాయి. అంతకుముందు ఇంట్లో ఉన్న చిన్న గుండ్రటి పంజరంలోకి వాటిని పంపాలంటే రోజూ నా వేళ్లకు గాట్లు పడేవి. దీని పైకప్పు రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది, వాటి మధ్య ఒక కర్ర అమర్చుకునే వీలుంది. పగలంతా అవి ఆ కర్ర మీద కూర్చుని, నేను కూరలు తరుగుతుంటే చూస్తూ, ఒక ముక్క తమకు రాకపోతే అరుస్తూ ఉంటాయి. సాయంత్రం ఆరున్నర కాగానే గోరింట నా జడ వెనుక నుంచి దిగి, ఊచలు పట్టుకుని ఒక్కొక్క మెట్టుగా లోపలికి పోయి, ఎడమ మూలనున్న పై కర్ర మీద సర్దుకుంటుంది. కాసేపటికి చింటూ వెళ్లి దానికి ఒరుసుకుంటుంది. దుప్పటి కప్పాక చెవి ఒగ్గి వింటే సన్నగా పళ్లు నూరుతున్నట్టు చప్పుడు వస్తుంది. నిద్రకు ముందు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు, ఈ పక్షులు పై ముక్కును కింది ముక్కుతో అలా రాస్తాయి. వీటికి రోజుకు పది పన్నెండు గంటల నిద్ర కావాలి. జంట పక్షులు ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నా ఇంకా చోటు మిగిలే ఈ వెడల్పే నా దృష్టిలో ఈ పంజరానికి ఉన్న పెద్ద గుణం.

ఇక లోపాల్లో మొదటిది తలుపులు. మేత, నీళ్ల గిన్నెలు పెట్టడానికి నాలుగు చిన్న తలుపులు ఇచ్చారు. పైకి జరిపి తెరిచే ఈ తలుపులకు గొళ్లెం గానీ గడియ గానీ లేదు, తమ బరువుతోనే కిందికి దిగి ఉంటాయి. వీటిని తయారు చేసినవారు ఏ పక్షిని ఊహించుకున్నారో తెలియదు గానీ, కోన్యూర్‌ను మాత్రం కాదు. గోరింటకు కిటుకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. ముక్కు కొనను అడుగు ఊచ కిందికి దూర్చి తలుపును అంగుళం మేర లేపుతుంది, అది జారేలోగా తల అడ్డం పెడుతుంది. వీటి కాలికి ముందు రెండు, వెనుక రెండు వేళ్లుంటాయి కదా, ఆ కాలితో తలుపును పైన ఒడిసి పట్టి, ముక్కుతో గిన్నెను బయటికి తోస్తుంది.

తెల్లవారి ఐదు గంటల నలభై నిమిషాలకు హాల్లో స్టీలు గిన్నె పడిన చప్పుడుకు దొంగలు పడ్డారనే అనుకున్నాము. లైటు వేసి చూస్తే గోరింట కర్టెన్ రాడ్డు మీద ఉంది. చింటూ నా ల్యాప్‌టాప్ మీద తీరిగ్గా కూర్చుని కీబోర్డు మీటలు ఊడబీకుతోంది. నన్ను చూసి పారిపోయే ప్రయత్నమైనా చేయలేదు. నోట్లో ఉన్న మీటతోనే ఎగిరివచ్చి భుజం మీద వాలి, దాన్ని నా చెవిలో పెట్టబోయింది. నచ్చిన మనిషికి నోటిదాకా తెచ్చిన ఆహారం పెట్టడం వీటికి ప్రేమ చూపే పద్ధతి. కోప్పడదామన్నా కుదరని సందర్భాలు ఈ పక్షులతో చాలా ఉంటాయి. ‘జె’ అక్షరం మీట ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

తలుపులకు మొదట బట్టల క్లిప్పులు పెట్టాను. ఒక్క పూటలో ప్లాస్టిక్ ముక్కలై ట్రేలో పడ్డాయి. అత్తగారు ఇచ్చిన పిన్నీసును గోరింట నాకంటే సులువుగా విప్పింది. తర్వాత మా వారు కట్టుతీగ తెచ్చి గట్టిగా చుట్టారు గానీ, అది జింకు పూసిన తీగ అని చూసి నేనే విప్పేశాను. అలాంటి తీగను రోజూ నములుతూ ఉంటే జింకు ఒంట్లో చేరి పక్షులకు విషమవుతుంది. సీసం సంగతీ అంతే. పంజరానికి బొమ్మలు, గొలుసులు, తాళాలు కొనేవారు చూడవలసిన మొదటి విషయం ఇదే. చివరికి పూర్ణా మార్కెట్ దగ్గర ఒక హార్డ్‌వేర్ దుకాణంలో స్క్రూ తిప్పి బిగించే స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు దొరికాయి. ఒక్కొక్కటి రూ. 60 చొప్పున ఆరు కొన్నాను: గిన్నెల తలుపులకు నాలుగు, ముందు తలుపుకు ఒకటి, పైకప్పుకు ఒకటి. గోరింట రోజూ కాసేపు వాటి మీద కృషి చేస్తోంది. ఇంతవరకు ఫలితం లేదు.

రెండో లోపం తుప్పు. మా ఫ్లాటు సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉంది. విశాఖలో ఉప్పు గాలి సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు, కిటికీ ఊచలకే ఏటా రంగు వేయించుకుంటాము. ఆ లెక్కన చూస్తే ఊచల మీది కోటింగ్ బాగానే నిలిచింది, పక్షులు నమిలిన చోట కూడా లేవలేదు. కాని స్క్రూలు వానాకాలం మొదట్లోనే ఎర్రబారాయి. ట్రే పైన అమర్చే జాలీకి అతుకుల దగ్గర ఎనిమిదో నెలలో పూత పెచ్చులుగా ఊడింది. రెట్ట తడి, కడిగిన నీటి తడి నిలిచే చోటు అదే కనుక అసలు గట్టి పూత అక్కడే ఉండవలసింది. కంపెనీకి ఫోన్ చేస్తే, సరుకు అందిన రోజు డబ్బా విప్పుతూ తీసిన వీడియో పంపమన్నారు. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన తుప్పు ఆ వీడియోలో ఎలా కనిపిస్తుందో నాకు బోధపడలేదు. వాదించి లాభం లేదని, మా వీధి చివరి వెల్డింగ్ దుకాణంలో రూ. 1,100 ఇచ్చి స్టీలు జాలీ చేయించుకున్నాను. అది ఈ పంజరంలో ఇప్పుడు అన్నిటికంటే మంచి భాగం.

కూర్చోవడానికి ఇచ్చిన కర్రలు రెండూ నున్నగా చిత్రిక పట్టిన, ఒకే మందం ఉన్న కర్రలు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కాని పక్షి రోజంతా కాళ్ల మీదే ఉంటుంది కనుక, కర్ర మందం మారకపోతే అరికాలిలో ఒకే చోట ఒత్తిడి పడి పుండ్లు పడతాయి. వాటిని తీసేసి, మందులు కొట్టని చెట్టు నుంచి జామ కొమ్మలు తెచ్చి, కడిగి ఎండబెట్టి, వంకరటింకరగా ఉన్నవాటినే అమర్చాను. బెరడు ఒలవడం వాటికి మంచి కాలక్షేపం కూడాను. పని లేని కోన్యూర్ తన ఈకలు తానే పీక్కుంటుంది, పని ఉన్న కోన్యూర్ మన చొక్కా గుండీలు పీకుతుంది. నేను రెండోదానికే సిద్ధపడ్డాను.

పంజరంతో పాటు ఉచితమంటూ అరకిలో గింజల పొట్లం పంపారు. అందులో ముప్పాతిక వంతు పొద్దుతిరుగుడు గింజలే. కొవ్వెక్కువైన ఆ గింజలే మేతగా పెడితే ఈ పక్షులకు ఎ విటమిన్ చాలదు, కాలేయమూ పాడవుతుంది. ఆ పొట్లాన్ని పావురాలకు పెట్టేశాను. ‘మిల్లెట్ స్ప్రే’ అని అదే కంపెనీ విడిగా మంచి ధరకు అమ్ముతున్నది మన కొర్ర కంకే. చిరుధాన్యాలు పండించేవారు తెలిసి ఉంటే కట్ట అడిగి తెచ్చుకోవచ్చు. మిగతా మేత మా వంటింటిదే: క్యారట్, చిలగడదుంప, మునగాకు, పండు మిరపకాయ. పక్షులకు మిరప కారం తెలియదు. గోరింట గుంటూరు మిరప పండును గింజలతో సహా నమిలి, ఆ ముక్కును తుడుచుకోవడానికి ఆప్యాయంగా నా బుగ్గ దగ్గరికే వస్తుంది. గిన్నెలు మాత్రం మందపాటి స్టీలువి, ఇన్నిసార్లు కింద పడినా సొట్ట పడలేదు.

చుట్టూ వాలుగా అమర్చిన రేకులు గింజల పొట్టును సగం వరకు ఆపుతాయి. మిగతా సగం సోఫా కిందికి చేరుతుంది. ట్రే సులువుగా జారి వస్తుంది. పాత దినపత్రిక పరిచి రోజూ మారిస్తే ఐదు నిమిషాల పని. నాలుగు చక్రాల్లో ఒకటి మొదటి నుంచీ సరిగా తిరగదు గానీ, పంజరం అటూ ఇటూ జరగడానికి అడ్డేమీ కాలేదు. మా వంటిల్లు హాల్లోకే తెరిచి ఉంటుంది కనుక ఆ చక్రాలు చాలా అవసరపడ్డాయి. నాన్‌స్టిక్ పెనం మరీ వేడెక్కితే వచ్చే పొగ పక్షులను నిమిషాల్లో చంపగలదు. మొదట్లో దోసెలు పోసినప్పుడల్లా పంజరాన్ని పడకగదిలోకి తోసేదాన్ని. తర్వాత నాన్‌స్టిక్ గిన్నెలన్నీ ఇంట్లోంచి పంపేసి, మా అమ్మ నాటి ఇనుప పెనానికి తిరిగి వచ్చాను.

అట్టపెట్టె మీద ముద్రించిన బొమ్మ గురించి కూడా చెప్పాలి. మెడ చుట్టూ గులాబీ పట్టీ ఉన్న మన రామచిలుక ఈ పంజరంలో హాయిగా కూర్చున్నట్టు ఉంది ఆ బొమ్మ. రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ బొమ్మ చూసి, ఈ పంజరంలో రామచిలుకను పెట్టుకోవచ్చునని ఎవరైనా అనుకుంటే ఆ తప్పులో కంపెనీకీ వాటా ఉంటుంది. కోన్యూర్ల వంటి విదేశీ జాతులను పెంచుకోవచ్చు. అయితే అవి వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు జాబితాలో ఉన్నందువల్ల, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వాటి వివరాలు నమోదు చేయాలి. మా రెండింటికీ ఆ పని చేయించాము. దరఖాస్తులో పక్షి పేరు అడిగే గడి ఉంటే బాగుండేదని మా అబ్బాయి బాధ.

కోన్యూర్లకు, కాకటీల్స్‌కు ఈ పంజరం సరిపోతుంది. ఆఫ్రికన్ గ్రే వంటి పెద్ద చిలుకలకు మాత్రం కొనకండి. ఈ సన్నటి ఊచలు వాటి ముక్కుకు ఆగవు. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. తలుపులకు ఒకటి, జాలీకి సగం తగ్గించాను. ఈ ధరకే మూడడుగుల ఎత్తున్న నమూనా కూడా ఒకటి వచ్చింది కానీ, దానికి పైకప్పు తెరుచుకోదు, వద్దు. మొన్న రాజమండ్రి నుంచి మా ఆడపడుచు, తమ కాకటీల్స్ కోసం ఇదే కొనవచ్చా అని అడిగింది. కొనుక్కో వదినా, కానీ డబ్బా ఇంటికి వచ్చేలోపే ఆరు స్టీలు కొక్కేలు తెచ్చి పెట్టుకో అని చెప్పాను. ఫోన్ పట్టుకుని ఆ మాట చెబుతున్నంతసేపూ చింటూ నా కళ్లజోడు స్క్రూ విప్పుతూనే ఉంది.