హాన్స్ డివైస్: నాలుగు సీజన్లు భుజాల మీద మోశాక

హాన్స్ అంటే కారు రేసుల్లో గుద్దుకున్నప్పుడు తలనీ మెడనీ కాపాడటానికి భుజాల మీద పెట్టుకునే పరికరం. మొదటిసారి వీడియో కాల్‌లో నా మీద దాన్ని చూసి అమ్మ హడలిపోయింది. “మెడకి ఆ పట్టీ ఏంట్రా? దెబ్బ తగిలిందా? మాకు చెప్పకుండా దాచావా?” అంది. తెనాలిలో మా పక్కింటాయన స్కూటర్ మీద నుంచి పడ్డప్పుడు రెండు నెలలు మెడకి వేసుకు తిరిగిన కాలర్ గుర్తొచ్చి ఉంటుంది. దెబ్బ తగలకుండా ముందే పెట్టుకునేదమ్మా ఇది, అని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ప్రతి రేసు ముందూ ఆవిడ అడిగేది ఒక్కటే, “ఆ భుజాలది పెట్టుకున్నావా?” అని.

నేను అట్లాంటా శివారులో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఏడాదికి ఐదారు వారాంతాలు స్పెక్ మియాటా రేసుల్లో (అందరూ ఒకేలాంటి చిన్న మాజ్దా మియాటా కార్లతో పోటీపడేవి) నడుపుతాను, ఎక్కువగా రోడ్ అట్లాంటా అనే రేసు ట్రాక్‌లోనే. 2.54 మైళ్ల ట్రాక్, 12 మలుపులు. మాది చిన్న ఇంజిను కారే అయినా ట్రాక్ వెనక వైపు తిన్నగా ఉండే భాగంలో గంటకు 110 మైళ్లు దాటుతుంది. అక్కడి నుంచి 10ఏ మలుపుకి బ్రేక్ కొట్టే ప్రతిసారీ తల ముందుకు లాగుతుంది. వట్టి బ్రేకుకే ఇంత లాగితే గోడకి తగిలితే ఎలా ఉంటుందో అనే ఆలోచనే నన్ను ఈ వస్తువు గురించి చదివించింది.

రేసు కార్లలో వాడే హార్నెస్ బెల్టులు రెండు భుజాల్నీ నడుమునీ సీటుకి కట్టేస్తాయి. తలని పట్టుకునేది మాత్రం మెడ ఒక్కటే. తల, హెల్మెట్ కలిపి 6 కిలోలు అనుకోండి. 50 జీ దెబ్బ, అంటే బరువు 50 రెట్లయ్యేంత దెబ్బ, తగిలిన ఆ క్షణంలో మెడ మీద పడేది 300 కిలోల లాగుడు. ఛాతీ ఆగిపోతుంది, తల ఆగదు. పుర్రె అడుగు ఎముక విరుగుతుంది. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో అమెరికన్ స్టాక్ కార్ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ ప్రాణం తీసింది ఈ గాయమే. అంతకు ముందు ఏడాదే మరో ఇద్దరు రేసర్లు, ఆడమ్ పెట్టీ, కెనీ ఇర్విన్ అలాగే పోయారు. హాన్స్ చేసే పని ఒక్కటే: భుజాల మీద బెల్టుల కింద కూర్చుని, రెండు టెథర్లతో (చిన్న పట్టీలతో) హెల్మెట్‌ని పట్టుకుని, ఆ లాగుడుని మెడ మీద పడనీయకుండా భుజాల మీదికి, బెల్టుల మీదికి మళ్లించడం. గో కార్ట్ ట్రాకుల్లో మెడ చుట్టూ కట్టుకునే ఫోమ్ కాలర్ ఈ పని చేయలేదు. రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, అందుకే చెబుతున్నా.

నాకు ఇంకా దగ్గరగా అనిపించే సంగతి ఒకటుంది. దీన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మా అట్లాంటా రేసరే. జిమ్ డౌనింగ్, మాజ్దా కార్లతో ఐఎంఎస్ఏ అనే అమెరికన్ సంస్థ నడిపే స్పోర్ట్స్ కార్ రేసుల్లో పేరు తెచ్చుకున్నాయన. 1981లో మిడ్ ఒహాయోలో టెస్టింగ్‌లో ఆయన మిత్రుడు పాట్రిక్ జాక్మార్ ఇదే తరహా గాయంతో చనిపోయాడు. డౌనింగ్ వెళ్లి తన బ్రదర్ ఇన్ లా రాబర్ట్ హబ్బర్డ్‌ని అడిగాడు. ఆయన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. స్నేహితుడి కోసం ఇద్దరూ మొదలుపెట్టిన పని ఇది. ఏళ్ల తరబడి కొనేవాళ్లే లేరు. ఎర్న్‌హార్ట్ పోయాకే ఆ స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్ సంస్థ కదిలింది, 2001 చివరికి ఇలా తలనీ మెడనీ కాపాడే పరికరాన్ని తప్పనిసరి చేసింది. 2003లో ఫార్ములా వన్‌లోనూ వచ్చేసింది. 2005లో నరైన్ కార్తికేయన్ జోర్డాన్ కారు నడుపుతుంటే హాస్టల్ టీవీలో చూస్తూ, భుజాల మీద ఆ నల్లటిదేదో దిండు లాంటిది అనుకున్నాను. మాలాంటి వారాంతపు రేసర్లకి ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) 2012లో ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. 1981 నుంచి 2001 దాకా మధ్యలో పోయిన ఆ ఇరవై ఏళ్లు తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

ఇక నా కొనుగోలు సంగతి. మొదటిసారి తప్పు కొన్నాను. పేరు చెప్పను కానీ, ఫోన్‌లో అమ్మిన షాపతను “మియాటా కిందికి ఉండే కారు కదా, 30 డిగ్రీలది తీసుకోండి” అన్నాడు. నమ్మాను. హాన్స్ కొలతలో ఆ డిగ్రీలు కారు ఎత్తుకి సంబంధించినవి కావు, మనం సీట్లో ఎంత వెనక్కి వాలి కూర్చుంటామో దానికి సంబంధించినవి. 30 వెనక్కి పడుకున్నట్టు కూర్చునే ఫార్ములా కార్లకి. మాలాగా కాస్త నిటారుగా కూర్చునే సెడాన్, కూపే వాళ్లలో ఎక్కువమందికి 20. నా సీట్లో 30 పెట్టుకుని కూర్చుంటే హాన్స్‌లో తల వెనక నిలబడే భాగం, అంటే కాలర్, వెనక నుంచి హెల్మెట్‌ని నెడుతోంది. గడ్డం ఛాతీ వైపు దిగి, చూపు స్టీరింగ్ మీదికి పోతోంది. అలాగే ఒక ప్రాక్టీస్ సెషన్ తిరిగాను. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. తిరిగి పంపితే కొంత కోసుకుని మిగతా డబ్బిచ్చారు.

రెండోసారి ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన రేసు కార్లు నిలిపే చోట) ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. ముప్పై ఏళ్లుగా రేసుల్లో ఉన్న మనిషి. తన హాన్స్ నా భుజాల మీద పెట్టి, నా కారులోనే కూర్చోబెట్టి, బెల్టులన్నీ బిగించి, చుట్టూ తిరిగి చూశాడు. కాలర్ వెనక సీటుకి తగులుతోందా, బెల్టు భుజం మీద నుంచి పక్కకి జారుతోందా, తల రెండు వైపులా తిప్పగలుగుతున్నానా. పావుగంటలో తేలింది, నాకు కావాల్సింది మీడియం సైజు, 20 డిగ్రీలది. సైజు మెడ చుట్టుకొలతని బట్టి. అదే కొన్నాను, తల తిప్పితే అటూ ఇటూ జరిగే స్లైడింగ్ టెథర్ ఉన్న మామూలు మోడల్. పన్నుతో కలిపి 500 డాలర్లు దాటింది. కార్బన్ ఫైబర్‌ది చేతికి ఇంకా తేలిగ్గా ఉంటుంది కానీ ధర బాగా ఎక్కువ. నా డబ్బు నేను టైర్లకి పెట్టుకున్నాను, ఈరోజుకీ తప్పనిపించలేదు.

నాలుగు సీజన్ల తర్వాత నా అభిప్రాయం: బిగించుకున్న రెండు ల్యాపుల తర్వాత అది ఉన్నట్టే గుర్తుండదు. ఆగస్టు ఎండలో కూడా నన్ను ఇబ్బంది పెట్టింది రేసు సూటే. స్లైడింగ్ టెథర్ వల్ల తల తిప్పడం సులువు. అయినా పక్క కారుని చూడ్డానికి మునుపటిలా పూర్తిగా మెడ తిప్పలేం. తల చుట్టూ రెక్కలున్న సీటు కూడా ఉంటే అసలు కుదరదు. లోపల వెడల్పాటి అద్దం పెట్టించాక ఆ టెన్షన్ పోయింది.

బెల్టుల విషయంలో మాత్రం దయచేసి నిర్లక్ష్యం చేయకండి. మొత్తం పని బెల్టుల మీదే ఆధారపడి ఉంది. బెల్టు జారితే హాన్స్ ఉన్నా లేనట్టే. నా పాత 3 అంగుళాల బెల్టులు దాని అంచు మీదికి ఎక్కేవి. హాన్స్ కోసమే చేసిన, భుజాల దగ్గర 2 అంగుళాలుండే బెల్టులు వేయించాక చక్కగా కూర్చున్నాయి. ముందు నడుము బెల్టు గట్టిగా, ఆ తర్వాతే భుజాలవి. చివర్లో రెండు చేతులతో తడిమి, బెల్టులు దాని మీదే ఉన్నాయో లేదో చూసుకుంటాను. రేసు మొదలయ్యే ముందు కార్లు వరుసగా నిలబడే గ్రిడ్ మీద ఆలస్యమైనా సరే ఈ తడమడం మానను.

ఇంకొకటి. కళ్లు మూసుకుని కారులోంచి బయటికి రావడం ప్రాక్టీసు చేయండి. మా గరాజ్‌లో మొదటిసారి చేసినప్పుడు విండో నెట్‌కి (కిటికీకి కట్టే వలకి) కాలర్ తట్టుకుని ఇరుక్కుపోయాను. పొగ లేదు, మంట లేదు, అయినా గుండె దడదడలాడింది. మా ఆవిడ ఫోన్‌లో టైమ్ చూస్తూ “మళ్లీ చేయండి” అంటూ ఆ సాయంత్రం ఎనిమిదిసార్లు చేయించింది. నెట్ పూర్తిగా కిందికి పడేసి, ముందుగా తల బయటికి పెట్టి, భుజం ఏటవాలుగా తిప్పితే కాలర్ తగలదు. ఇప్పుడు ప్రతి సీజన్ మొదట్లో ఇద్దరం ఇది చేస్తాం.

ఇది అన్ని దెబ్బలకీ మందు అనుకోకండి. ముందు నుంచి, ముందు మూలల నుంచి తగిలే దెబ్బలకే దీని బలం. పక్క నుంచి తగిలితే తలని ఆపాల్సింది సీటు రెక్కలు, పక్క నెట్. మామూలు కారులో, కంపెనీ ఇచ్చిన సీట్ బెల్టుతో ట్రాక్ డేకి (పోటీ లేకుండా సొంత కారు ట్రాక్ మీద నడుపుకునే రోజుకి) వెళ్లేవాళ్లు ఇది కొనొద్దు. ఆ బెల్టు ఒక్క భుజం మీదే వస్తుంది, ఇది పనిచేయాలంటే రెండు భుజాల మీదా బెల్టు కావాలి. అలాంటివాళ్లకి ఒంటికి పట్టీలతో కట్టుకునే సింప్సన్ హైబ్రిడ్ స్పోర్ట్ లాంటివి వేరే ఉన్నాయి. టెథర్లు తగిలించడానికి హెల్మెట్‌కి ఎమ్6 సైజు మరలు పట్టే రంధ్రాలు ముందే ఉండాలి. స్నెల్ అనే సంస్థ రేసు హెల్మెట్లకి ఇచ్చే ఎస్ఏ 2010, ఆ తర్వాతి ఎస్ఏ గుర్తింపు ఉన్నవాటికి ఉంటాయి. ఇంట్లో డ్రిల్లు పెట్టకండి.

ఎస్ఎఫ్ఐ 38.1 లేబుల్ (రేసు పరికరాల భద్రతా ప్రమాణం) ఉన్న హాన్స్‌లకి ఐదేళ్లకోసారి మళ్లీ సర్టిఫికేషన్ చేయించాలి. నాదానికి వచ్చే ఏడాది. సెకండ్ హ్యాండ్‌లో చవకగా కనిపిస్తే ముందు ఆ లేబుల్ తేదీ, తర్వాత టెథర్ల కుట్లు చూడండి. ఒకసారి గట్టిగా గుద్దుకున్న కారులో ఉన్నదైతే నేను మాత్రం కొనను.

రోడ్ అట్లాంటాలో ఎవరైనా తెలుగువాళ్లు మొదటిసారి రేసుకి వస్తుంటే, కొనకముందే నన్ను పలకరించండి. నాది మీడియం, 20 డిగ్రీలు. సెషన్ల మధ్యలో తీసుకెళ్లి మీ సీట్లోనే కూర్చుని, మీ బెల్టులే బిగించుకుని చూడండి. నేనొచ్చి చుట్టూ తిరిగి చూస్తాను.