పీఓఐఎస్ ఉంటే సెక్స్‌కి దూరంగా ఉండటమా, మాత్రలా, ఇంజెక్షన్లా: ఏది మేలు?

వీర్యం పోయిన కొన్ని నిమిషాల్లోనో గంటల్లోనో ఫ్లూ పట్టినట్టు ఒళ్లు నొప్పులు, కళ్ల మంట, ముక్కు దిబ్బడ, ఏ పని మీదా మనసు నిలవనంత మొద్దుతనం. ఇదంతా రెండు రోజుల నుంచి వారం దాకా ఉంటుంది. దీన్ని పోస్ట్ ఆర్గాస్మిక్ ఇల్‌నెస్ సిండ్రోమ్, పొట్టిగా పీఓఐఎస్ అంటారు. నెదర్లాండ్స్ డాక్టర్లు వాల్డింగర్, ష్వైట్జర్ 2002లో దీని గురించి మొదట రాశారు. కారణం ఇప్పటికీ తేలలేదు.

చాలామంది మొదట చేసేది సెక్స్‌కి దూరంగా ఉండటం. పైసా ఖర్చు లేదు, నిజమే. కానీ నిద్రలో స్ఖలనమైనా ఇదే బాధ, మరి పెళ్లయినవాడు భార్యకు ఏమని చెప్పాలి, పిల్లలు కావాలంటే ఏం చెయ్యాలి? పైగా ధాతువు పోతోంది కాబట్టే నీరసం అంటూ లేహ్యాలు అంటగట్టేవాళ్లకు ఇలాంటివాడు సులువుగా దొరుకుతాడు. ఆ భయం వేరు, ఈ జబ్బు వేరు. భయం బొత్తిగా లేనివాడికీ ఇది వస్తుంది.

ఇంజెక్షన్ల సంగతి వినడానికి భలే ఉంటుంది. 2011లో ఆ వాల్డింగర్ బృందమే ఈ జబ్బున్న 45 మంది మగవాళ్లను చూసి, వాళ్లలో 33 మందికి సొంత వీర్యాన్నే బాగా పలచన చేసి చర్మం మీద పరీక్షిస్తే 29 మందికి రియాక్షన్ వచ్చింది, అంటే సొంత వీర్యమే పడటం లేదేమో అని వాళ్ల అనుమానం. తర్వాత ఇద్దరికి ఆ పలచటి వీర్యాన్నే డోసు కొంచెం కొంచెం పెంచుతూ చర్మం కింద ఎక్కించారు. ఒకరికి 15 నెలల్లో 60 శాతం, ఇంకొకరికి 31 నెలల్లో 90 శాతం తగ్గింది. బాగుంది, కానీ ఇద్దరే కదా! అలర్జీ అన్న మాటే అందరూ ఒప్పుకోలేదు. ఇలాంటిది ఇంట్లో ప్రయత్నిద్దామని మాత్రం కలలో కూడా అనుకోకండి.

మాత్రల విషయంలో కొందరికి యాంటీహిస్టమిన్ (అలర్జీ మాత్ర) ముందే వేసుకుంటే, ఇంకొందరికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రతో తేలికపడినట్టు కేసులున్నాయి. అందరికీ పనిచెయ్యదు, డైక్లోఫెనాక్ కడుపుకీ కిడ్నీకీ మంచిది కాదు, యాంటీహిస్టమిన్ వేసుకుంటే నిద్ర ముంచుకురావచ్చు. అయినా నా ఓటు దీనికే, అదీ డాక్టర్ చెబితేనే, ఎందుకంటే పనిచెయ్యకపోతే ఆపెయ్యొచ్చు, నెలల తరబడి ఇరుక్కుపోవక్కర్లేదు.

యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లేముందు ఎప్పుడు మొదలైంది, ఏమేం వచ్చాయి, ఎన్ని రోజులకు తగ్గింది అని ప్రతిసారీ రాసిపెట్టుకోండి. ఈ పేరు వినని డాక్టర్లు చాలామందే ఉంటారు, సిగ్గుపడకుండా మీరే చెప్పండి.