పక్షవాతం తర్వాత కుడిచేతికి టీడీసీఎస్ యంత్రం: రెండేళ్ల వాడకం

శ్రీకాకుళంలో దస్తావేజు లేఖరిగా కుడిచేతి మీదే బతికిన నాకు, మెదడు ఎడమభాగంలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. మాట త్వరగానే తేరుకుంది, నడక కర్రసాయంతో వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకొనేవే గాని తెరుచుకొనేవి కావు. విశాఖపట్నంలోని న్యూరాలజీ వైద్యుల సలహాపై టీడీసీఎస్ యంత్రాన్ని, అంటే తలపై నుంచి మెదడుకు స్వల్పంగా కరెంటు పంపే యంత్రాన్ని, మొదట ఫిజియోథెరపీ కేంద్రంలోనూ, తరువాత అద్దెకు తెచ్చుకొని వారి పర్యవేక్షణలో ఇంట్లోనూ వాడాను.

అది బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా. ఉప్పునీటితో తడిపిన రెండు స్పాంజి పట్టీల ద్వారా 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు 20 నిమిషాలపాటు తలకు అందుతుంది. ఈ కరెంటు చేతిని కదిలించదు. కదలికలను నడిపే మెదడు భాగం ఎంత తేలికగా స్పందిస్తుందనే దానిని ఇది కొంతసేపు మార్చగలదని 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలస్ అనే పరిశోధకులు చూపారు. కాబట్టి ఆ సమయంలోనే చేతికి పని చెప్పాలి. పట్టీలు కట్టుకొని టీవీ ముందు కూర్చునేవారిని చూశాను, వారి అద్దె దండగ.

పట్టీ పెట్టే చోటు కీలకం. ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక బొడిపె వరకు, ఒక చెవి నుంచి మరో చెవి వరకు టేపుతో కొలిచి నడినెత్తిని గుర్తించాక, చెవుల మధ్య కొలతలో 20 శాతం ఎడమకు జరిగిన చోట ఒక పట్టీ, కుడి కనుబొమ్మ పైన మరొకటి పెట్టేవారు. "బాబాయ్ గారూ, ఈ రోజు కూడా తలకు నూనె రాసుకొచ్చారా?" అని ఫిజియోథెరపిస్టు అమ్మాయి తరచూ అడిగేది, నూనె ఉంటే కరెంటు సరిగా అందక యంత్రం హెచ్చరిక చూపేది. మొదటి నిమిషంలో దురదగా, చిటపటలాడినట్లుగా ఉంటుంది. స్పాంజి ఆరిపోతే చర్మం మండుతుంది కనుక ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. మూర్ఛ వచ్చినవారూ, తలలో లోహపు ముక్క గాని గుండెకు పేస్‌మేకర్ గాని ఉన్నవారూ వైద్యుడిని అడగకుండా దీని జోలికి పోరాదు.

ఇప్పుడు స్టాంపు కాగితాల కట్టలోంచి ఒక్క కాగితాన్ని బొటనవేలు, చూపుడువేలితో వేరుచేయగలుగుతున్నాను. సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి లావుచేసిన పెన్నుతో సంతకం పెడుతున్నాను. అది పాత సంతకంతో కలవలేదని ఒక బ్యాంకులో వేలిముద్ర వేయించారు, జీవితమంతా ఇతరుల చేత వేలిముద్రలు వేయించిన నా చేత. చొక్కా గుండీలు ఇంకా ఎడమచేతి పనే.

ఇది యంత్రం చలవేనా అంటే అవునని చెప్పలేను. ఆ మధ్యకాలంలోనే బిగుతు తగ్గడానికి ముంజేతి కండరాలకు బోట్యులినం ఇంజెక్షన్ ఇచ్చారు, వ్యాయామం ఒక్కరోజూ మానలేదు. అమెరికాలో 129 మందిపై జరిగిన ట్రాన్స్‌పోర్ట్2 పరీక్షలో, మంచి చేతిని కట్టివేసి బలహీనమైన చేతితోనే పని చేయించే వ్యాయామానికి ఈ కరెంటును జోడించినా, ఉత్తుత్తి కరెంటు ఇచ్చినవారికంటే అదనపు మేలు కనబడలేదు. ఉత్తుత్తిది అంటే కాసేపు చిటపటలాడించి ఆగిపోయేది. తనకు అందింది ఏదో రోగికి తెలియదు. నాకు ఆ ఉత్తుత్తిదే పెట్టి ఉన్నా ఇంతే శ్రద్ధగా బంతి పిసికేవాడినేమో. యంత్రం కట్టుకున్నందుకు 20 నిమిషాలు చోటు వదలకుండా కూర్చొని చేతి సాధన చేశాననేది మాత్రం నిజం; అద్దె కడుతున్నామన్న బెంగ కూడా అందుకు తోడ్పడింది.

దీనిని, పక్షవాతంతో బలహీనపడిన చేతి కోసమే మెడలోని వేగస్ నాడికి శస్త్రచికిత్సతో అమర్చే పరికరాన్ని ఒకటిగా భావించకండి. వ్యాయామంతో కలిపి వాడేందుకు ఆ పరికరానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. 108 మందిపై జరిగిన పరీక్షలో దానికి స్పష్టమైన మేలు కనిపించింది.

చేతిలో సొమ్ము పరిమితంగా ఉన్నవారు ముందు మంచి ఫిజియోథెరపిస్టును కుదుర్చుకోవాలి, మిగిలితే యంత్రం సంగతి చూడాలి. నేను యంత్రాన్ని ఈ నెలతో తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆ అద్దెతో ఫిజియోథెరపిస్టును వారానికి మరొక రోజు ఇంటికి రమ్మన్నాను.