సంగమేశ్వరమా, రోళ్లపాడా, వీరాపురమా: ఒంటరిగా వెళ్లేవారికి ఏది మేలు?

పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా, తోడెవరూ లేకుండా, నీళ్లూ పక్షులూ జింకలూ చూసి రావాలనుకునేవారికి కర్నూలు, అనంతపురం వైపున ఈ మూడూ గట్టి పేర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మొదటి రెండూ నంద్యాలకు, మూడోది శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. దారి మాత్రం మారలేదు. ముందు క్యాలెండర్ చూడండి, దూరం తర్వాత చూసుకోవచ్చు. నెల తప్పితే మూడింట్లో ఏదైనా ఉత్త ఎండ ప్రయాణమే.

సంగమేశ్వరంలో చూడాల్సింది కృష్ణలోని పాత శివుడి గుడి, దాని సంగతి శ్రీశైలం జలాశయం చేతిలో ఉంది. నిండుమట్టం 885 అడుగులు. నీళ్లు పైన ఉన్నన్నాళ్లూ గుడి మునిగే ఉంటుంది. తగ్గేకొద్దీ మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి ఆవరణ బయటపడతాయి. మామూలుగా ఇది ఫిబ్రవరి, మార్చిలో మొదలై, జులై, ఆగస్టుల్లో కృష్ణకు వరద వచ్చేదాకా సాగుతుంది. ఈ మధ్యలో కొన్ని వారాలు గుడి దిబ్బ చుట్టూ నీళ్లు నిలిచి అచ్చం లంకలా ఉంటుంది. చూస్తే అప్పుడే చూడాలి. వేపచెక్క లింగం, ఏడు నదుల సంగమం అన్న పేరు భక్తులను రప్పిస్తాయి. అవి పట్టనివారికైనా ఆ నీటి మధ్య రాతిగుడి చాలు. నీళ్లు బాగా లాగాక కపిలేశ్వరం వైపు నుంచి బండి మీదే దగ్గరికి పోవచ్చు గానీ అందం సగం తగ్గుతుంది.

పత్రికల్లో రోజూ వచ్చే శ్రీశైలం నీటిమట్టం నాలుగైదు రోజులు వరసగా గమనించండి. ఏ మట్టం ఉందన్న దానికంటే తగ్గుతోందా పెరుగుతోందా అన్నది ముఖ్యం. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు దాదాపు 70 కిలోమీటర్లు. అక్కడ బస్సు దిగాక ఆటోవాళ్లను రెండే మాటలు అడగండి: "గుడి బయటపడిందా? బండి పోతుందా?" పోదంటే పడవే.

ఒంటరివారికి చిక్కు ఇక్కడే. ఇంజన్ పడవకు ఒకరెక్కినా పదిమంది ఎక్కినా డీజిల్ ఖర్చు ఇంచుమించు అంతే కనుక పడవవాళ్లు మొత్తం బాడుగే చెబుతారు. మంగళవారమో బుధవారమో పోతే ఆ బాడుగంతా మీ నెత్తినే పడుతుంది. ఆదివారం, సోమవారం, శివరాత్రి రోజుల్లో పదిమంది కూడి తలా ఇంత వేసుకుంటారు. పరిచయాలు పుట్టేది కూడా ఆ పడవలోనే. అవతల తెలంగాణలోని సోమశిల నుంచి వచ్చినవాళ్లు, సద్ది మూటలతో వచ్చిన కుటుంబాలు ఎదురవుతారు. సద్ది విప్పినప్పుడు పక్కనున్న ఒంటరి మనిషికి ఒక ముద్ద పెట్టకుండా తినడం ఈ సీమలో అలవాటు లేదు. మొహమాటపడకండి, మీ సంచిలో కూడా నలుగురికి పంచే తినుబండారం ఒకటి ఉంచుకోండి.

లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు. వెడల్పాటి నీటి మీద మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే అలలు పెరుగుతాయి, అందుకని తొమ్మిదికల్లా వెళ్లి పన్నెండులోపు ఒడ్డుకు చేరడం మంచిది. పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, గాలికి గిర్రున తిరుగుతుంది, దాని జోలికి పోకండి. నీళ్లు తగ్గిన చోట ఒండ్రు పైన పెళుసుగా ఎండి, అడుగున మెత్తగా ఉంటుంది. బండ్ల జాడ ఉన్నచోటే నడవండి, లేకపోతే మోకాలిదాకా దిగబడతారు. నదిలో మొసళ్లున్నాయి, ఒడ్డున లోతు చెప్పకుండా పెరుగుతుంది, కాబట్టి ఈతకు దిగవద్దు. నీడ దాదాపు ఉండదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు కావాలి.

రోళ్లపాడు లెక్క వేరు. మిడుతూరు మండలంలో, 1988లో ఏర్పాటైన 614 హెక్టార్ల గడ్డి మైదానం ఇది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యమే గానీ ఇప్పుడు ఆ పిట్టను చూడొచ్చని బయలుదేరితే నిరాశే. దేశంలో మిగిలిన కొద్దిపాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో ఉన్నాయి. ఇక్కడ కచ్చితంగా చూడగలిగింది కృష్ణజింక. మెలితిరిగిన కొమ్ములతో నల్లటి పోతులు, లేత గోధుమరంగు ఆడజింకలు మందలుగా మేస్తుంటాయి. శీతాకాలంలో వలస వచ్చే పిల్లిగద్దలు పొద్దుగూకే వేళ గడ్డిలో పడుకోవడానికి ఒక్కొక్కటే దిగుతాయి. అది చూడాలంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య సాయంత్రం అయిదుకల్లా అక్కడుండాలి. వానాకాలంలో నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్) అనే అరుదైన పిట్ట కోసం వచ్చేవారూ ఉన్నారు, కానీ దానికి అదృష్టం తోడవ్వాలి.

ఉదయమైతే ఆరుకే చేరాలి. తొమ్మిది దాటితే నేల వేడికి గాలి అలలాడి, దుర్భిణిలో జింక కూడా మసకబారుతుంది. ఎనిమిది రెట్లు చూపే దుర్భిణి చాలు. అంత పొద్దున బస్సు నమ్ముకోలేం కనుక ముందురోజే నందికొట్కూరులో ఆటో మాట్లాడుకోండి, అదీ పోను రాను, ఆగినంతసేపూ కలిపి. లేకపోతే తిరుగు ప్రయాణానికి బండి దొరకదు. చుట్టూ ఉన్న చేలలో అడ్డంగా నడవద్దు. జింకలు పైరు మేసి రైతు ఇప్పటికే మండి ఉంటాడు, మీరూ తొక్కితే ఊరుకోడు. స్నేహాలంటారా, ఇక్కడ కలిసేది ఒకరిద్దరు ఫొటోగ్రాఫర్లు, అటవీశాఖ వాచర్. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

వీరాపురం అనంతపురం వైపువారికి సులువు. జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు నుంచి గానీ లేపాక్షి నుంచి గానీ ఆటో తీసుకోవచ్చు. ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, గడప దిగితే పక్షులే. మార్చి, ఏప్రిల్‌లలో పిల్లలుంటాయి. ఎండ ముదిరినప్పుడు తల్లి రెక్కలు చాచి పిల్లలకు నీడపట్టడం కింద నుంచే చూడొచ్చు. ఈ కొంగ లోతులేని నీళ్లలో ముక్కు సగం తెరిచి, తగిలిన చేపను పట్టి తింటుంది. చెరువులు ఎండిన ఏడాది రాక పలచబడేది అందుకే. వెళ్లేముందు ఆ ఏడు చెరువుల్లో నీళ్లున్నాయా అని విచారించండి. టోపీ తప్పనిసరి, రెట్ట పడుతుంది. చెట్ల కింద వాసనకు సిద్ధపడాలి. ఊళ్లో కూర్చుని మాట్లాడేవాళ్లకు కొదవలేదు. రెండు గంటల్లో చూడటం అయిపోతుంది, మిగతా పూట లేపాక్షికి.

మొదటిసారి ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకు వీరాపురమే మా ఓటు, జనం మధ్యే ఉంటారు కనుక. జంతువుల కోసమే అయితే రోళ్లపాడు. ఒక్కటే చూడగలం, నీళ్లు కూడా కుదిరాయంటే మాత్రం సంగమేశ్వరానికి పోటీ లేదు. బస్సు మీద ఒకే రోజు రోళ్లపాడూ సంగమేశ్వరమూ కలపాలని చూడకండి, రెండూ చెడతాయి. సొంత బండి ఉంటే తెల్లారి జింకలు, పది గంటలకు పడవ కుదరొచ్చు. సాయంత్రం ఆత్మకూరు నుంచి అలాగే శ్రీశైలం పోదామనుకుంటే దోర్నాల అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు.