వేలంలో పాడుకున్న నగిషీ కుర్చీ: తొమ్మిదేళ్లు కూర్చున్నాక

ఈ కుర్చీ ఇంటికొచ్చి తొమ్మిదేళ్లు. రోజూ ఓ రెండు గంటలు దీంట్లో కూర్చునే చదువుకుంటాను. అందుకని అందం సంగతి కాస్త తక్కువగా, నడుం సంగతి కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

కేటలాగులో ‘19వ శతాబ్దపు రోజ్‌వుడ్ చేతుల కుర్చీ’ అని ఒక్క లైను, ఎదురుగా తీసిన ఒక్క ఫొటో. వీపు పలక నిండా ద్రాక్ష తీగలు, గుత్తులు. చేతుల చివర రెండు సింహం తలలు. ఫొటోకే పడిపోయాను, దాచుకోవడం ఎందుకు. కానీ పాటకు ముందురోజు వెళ్లి, అక్కడి కుర్రాడి సాయంతో కుర్చీని తలకిందులు చేయించాను. కనపడని వైపు ఎవరూ ముస్తాబు చేయరు కదా. సీటు కింద చెక్కను వేలితో తడిమితే చేత్తో చిత్రిక పట్టినప్పుడు మిగిలే ఎగుడుదిగుడు అలలు తగిలాయి. ఒక మూల మాత్రం ప్లస్ గాటు స్క్రూ కనిపించింది. ఆ రకం స్క్రూలు మార్కెట్లోకి వచ్చిందే 1930లలో. అంటే ఆ మూల తర్వాతెప్పుడో విరిగితే అతికారు. నేను పాడదలుచుకున్న మొత్తాన్ని అక్కడే కొంత తగ్గించుకున్నాను.

నన్ను నమ్మించింది మాత్రం సింహాలే. కుడి సింహం జూలు అరిగి సబ్బు బిళ్లలా నున్నగా ఉంది, ఎడమదానికి ఇంకా ఉలి అంచులు తెలుస్తున్నాయి. ఎవరో కుడిచేతి వాటం మనిషి ఏళ్ల తరబడి దాన్ని పట్టుకునే లేచాడన్నమాట. పాతదిలా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దితే అరుగుదల అంతటా ఒకేలా వస్తుంది. చేయి తగిలే చోట అరగడం, తగలని గాడుల్లో మురికి పేరుకోవడం అంత తేలిగ్గా తెప్పించలేరు.

ఇక కూర్చోవడం. ఒక ద్రాక్ష గుత్తి సరిగ్గా నా ఎడమ భుజం ఎముక కింద గుచ్చుకుంటుంది. వీపుకు దిండు పెడితే మనిషి ముందుకు జరిగి, సగం తొడలు గాల్లో ఉంటాయి. ఆ కాలంలో కుర్చీలో జారగిలబడేవాళ్లు కాదేమో! చివరికి దుప్పటి నాలుగు మడతలు వేసి వీపు పలక మీద కప్పాను. అంత మోజుపడి కొన్న చెక్కడం దుప్పటి కింద దాక్కుంది. చేతులు మాత్రం అద్భుతం. పుస్తకం పట్టుకున్న మోచేతికి అంత సరైన ఎత్తు నేను కొన్న ఏ కొత్త కుర్చీలోనూ దొరకలేదు. నాలుగో ఏట సీటు కుంగితే విప్పించాను. లోపల గుర్రపు వెంట్రుకలు. పారేయబోతుంటే పనాయన ఆపి, ఉతికి, చిక్కు తీసి, కొత్త నవారు మీద మళ్లీ అవే పరిచాడు.

అంతకు ముందు మూడో ఏట ముందు కాలు ఊగింది. పిలిచిన మొదటి మనిషి అతుకులో తెల్ల జిగురు పోసి, పైనుంచి స్క్రూ బిగించాడు. ఆరు నెలల్లో అతుకు చీలింది. పాత కుర్చీల్లో జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. వెచ్చదనం, తడి తగిలిస్తే అది మెత్తబడి వదులుతుంది, మళ్లీ అతకొచ్చు. తెల్ల జిగురు అలా వదలదు, దాని మీద కొత్త జిగురూ సరిగా పట్టదు. రెండో వడ్రంగి మూడు రోజులు గీకాడు, నన్ను తిట్టుకుంటూనే.

పాలిష్ లక్కతో చేసింది. ఒకసారి వేడి కప్పు పెడితే తెల్లటి వలయం పడింది. 2020లో శానిటైజర్ తడి ఆరకుండానే కుడి సింహాన్ని పట్టుకున్నాను, నా బొటనవేలి ముద్ర దిగిపోయింది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని తెలిసీ చేశాను. ముద్ర ఇప్పటికీ ఉంది. దుమ్ముకు మెత్తటి పెయింటు బ్రష్ చాలు, తడిగుడ్డ వద్దు. జరపాలంటే ఇద్దరు కలిసి సీటు చట్రం పట్టుకుని ఎత్తాలి, చేతులు పట్టి లాగితే అతుకులు కదులుతాయి. కాళ్ల మీద చిన్న పుచ్చు రంధ్రాలుంటే కింద నల్ల కాగితం పరిచి నెలా రెండు నెలలు చూడాలి. కొత్తగా పొడి రాలితే పురుగు లోపలే ఉన్నట్టు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. పాట ముగిసిన ధర మీద వేలం సంస్థ కమిషన్ ఉంటుంది, కొన్ని చోట్ల పావు వంతు దాకా. పన్ను, రవాణా వేరే. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు కాబట్టి ఇంటికొచ్చాక కాలు ఊగితే అది మన కాలే. ఫలానా కాలపు ‘శైలి’ అని రాశారంటే ఆ కాలంలో చేసిందని కాదు.

మొన్న ఇలాంటిదే ఇంకొకటి వేలానికి వచ్చింది. జంట అవుతుందని ఆశగా వెళ్లాను. ద్రాక్ష గుత్తులు ఇంకా బాగున్నాయి. సింహాల మీద చేయి వేసి చూశాను. రెండూ సమానంగా అరిగి ఉన్నాయి, చెవుల వెనక గాడులతో సహా. పాట మొదలయ్యేలోపే ఇంటికొచ్చేశాను.