కర్నూలు రాజ్‌విహార్ దగ్గరి యూనిఫాం దుకాణం: కొత్త ఫైర్‌మన్, కొత్త ఈఎంటీ ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

మా అక్క కొడుకు ఫైర్‌మన్ శిక్షణకు, వాళ్ల పక్కింటి అమ్మాయి ఈఎంటీ (అంబులెన్సులో రోగికి అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి) శిక్షణకు ఒకే నెలలో బయలుదేరుతుండడంతో, పదకొండేళ్లు అంబులెన్సులో పనిచేసినవాణ్ని కదా అని సామాను కొనిపెట్టే బాధ్యత నాకు అప్పగించారు. కర్నూలులో ఇటువంటి సరుకంతా ఒకేచోట దొరికే దుకాణం నాకు తెలిసినది ఒక్కటే. రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజు వైపు వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో, పోలీసు బెల్టులు, ఎన్‌సీసీ టోపీలు, సెక్యూరిటీ గార్డుల ఈలలు గుమ్మానికి వేలాడుతూ కనిపిస్తాయి. మంచితో పాటు లోపాలు కూడా రాయబోతున్నాను కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చూపిస్తారు.

ఈ దుకాణానికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఒక్కటే. గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన ఏ వస్తువునైనా పెట్టె విప్పి, వాడి చూడనిస్తారు. "కోసి చూడు, కాల్చి చూడు నాయనా, ఆ తర్వాతనే దుడ్డు ఇయ్యి" అనడం ఆయనకు అలవాటు. సరుకులో సగానికి సగం పనికిరానిదే అయినా, ఏది పనికిరానిదో అక్కడికక్కడే తేల్చుకునే వీలు ఆన్‌లైనులో కొంటే ఉండదు. అయితే ఆ పరీక్ష ఎలా చేయాలో కొనేవారికే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆయనకు తెలియదు.

ముందుగా బూట్ల సంగతి. ఇక్కడ ‘ఫైర్ బూటు’ అని అమ్మేది నిజానికి కర్మాగారాల్లో కార్మికులు వేసుకునే సేఫ్టీ బూటు. వేళ్ల దగ్గర ఉక్కు తొడుగు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15298 అనే ప్రమాణ సంఖ్య ఉన్న జత అయితే డ్రిల్లుకు, హోస్ చుట్టలు మోయడానికి, ప్రమాదం జరిగిన రోడ్డు మీద గాజు పెంకుల మధ్య నడవడానికి చక్కగా సరిపోతుంది. మంటల్లోకి వెళ్లేటప్పుడు మాత్రం అగ్నిమాపక శాఖ ఇచ్చిన బూటే వేసుకోవాలి. ఈ తేడాను పెద్దాయన తనంతట తాను చెప్పరు, అడిగితే ఒప్పుకుంటారు.

బూటు విషయంలో అందరూ మరిచిపోయేది తయారైన తేదీ. తేలికగా ఉంటుందని చాలామంది ఇష్టపడే పీయూ (పాలియురేథేన్ అనే ప్లాస్టిక్) సోలు, వాడకపోయినా సరే, గాలిలోని తేమకు ఏళ్ల తరబడి పెట్టెలోనే చివికిపోతుంది. నా ఉద్యోగం కొత్తలో వేరే ఊళ్లో తగ్గింపు ధరకు కొన్న జత పైకి నిగనిగలాడుతూ ఉండేది. రెండో నెలలో ఒక రాత్రి, స్ట్రెచర్‌ను తల వైపు పట్టుకుని కాలువ గట్టు ఎక్కుతుండగా, కుడి కాలి సోలు ఎండిన రొట్టెలా పొడిపొడిగా విడిపోయింది. మా పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, తన వైపు బరువును ఒడుపుగా ఆపాడు కాబట్టి రోగి కింద పడలేదు. అందువల్ల ఇక్కడ ప్రతి జతనూ తిరగేసి, సోలు మీద లేదా నాలుక లోపల అచ్చువేసిన నెల, సంవత్సరం చూశాను. మూడు పెట్టెలు తీయిస్తే ఒకదానికి నాలుగేళ్లు దాటాయి. దాన్ని వంచి బొటనవేలి గోరుతో నొక్కగానే మడమ దగ్గర సన్నని పగులు కనిపించింది. పెద్దాయన వాదించకుండా ఆ పెట్టెను పక్కన పెట్టేశారు, కానీ దాన్ని మళ్లీ అరలోకి చేర్చకుండా ఉంటారని నేను హామీ ఇవ్వలేను.

బూటు కొనడానికి సాయంత్రం వెళ్లాలి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. డ్యూటీలో వేసుకునే మందపాటి నూలు మేజోళ్లు వెంట తీసుకెళ్లాలి. ఈ దుకాణంలో అటకకు ఒక చెక్క నిచ్చెన ఉంది. మావాణ్ని బూట్లతో దాని మీద పదిసార్లు ఎక్కించి దింపించాను. ఎనిమిదోసారికి "మామా, మడమ ఒరుసుకుంటోంది" అన్నాడు. అరసైజు పెంచాక ఆ బాధ పోయింది. శిక్షణలో నిచ్చెన డ్రిల్లు మొదటి వారంలోనే మొదలైతే, ఆ ఒరిపిడే బొబ్బగా మారి వాణ్ని నాలుగు రోజులు కూర్చోబెట్టేది.

లోపల వేసుకునే బనియన్ల విషయంలో దుకాణం సలహా పూర్తిగా తప్పు. చెమట త్వరగా ఆరుతుందని, ముడతలు పడదని పాలిస్టర్ టీషర్టులనే ముందుకు తోస్తారు. వేడి తగిలితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాలిన గాయం కన్నా దాన్ని ఊడదీయడమే పెద్ద నరకం. ‘ప్యూర్ కాటన్’ అని చీటీ అంటించిన ఒక టీషర్టు అంచు నుంచి దారం లాగి, అగ్గిపుల్ల వెలిగించి చూశాం. నూలు దారమైతే కాగితం కాలిన వాసన వేసి, వేలితో నలిపితే బూడిదగా రాలిపోవాలి. మా దారం ముడుచుకుపోయి, చివర నల్లని గట్టి పూసలా తయారైంది. ఆ చీటీ చూసి పెద్దాయన కూడా ఆశ్చర్యపోయారు. చివరికి పిల్లలిద్దరికీ వేరే కొట్లో మామూలు తెల్ల నూలు బనియన్లు కొన్నాం.

ఈఎంటీకి కావలసిన సామానులో ఇక్కడ నిజంగా కొనదగినది బట్టలు కోసే కత్తెర. ఒక మొన మొద్దుగా, వంపు తిరిగి ఉండే ఈ కత్తెర చర్మానికి తగలకుండా ప్యాంటునూ, సీటు బెల్టునూ, తోలు చెప్పు పట్టీనీ కోయాలి. మూడు రకాలు ఉంటే, నాలుగు మడతలు వేసిన జీన్సు ముక్క మీద మూడింటినీ పరీక్షించాం. రెండు బట్టను నమిలాయి, ఒకటి కోసింది, అదే తీసుకున్నాం. దానికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు దారం కట్టి, ఎప్పుడూ ఒకే జేబులో పెట్టుకోమని అమ్మాయికి చెప్పాను, ఎందుకంటే రాత్రి రోడ్డు పక్కన కత్తెర కోసం ఎవరూ చూసి వెతకరు, చేయి దానంతట అదే వెళ్లాలి.

గ్లౌజులు నైట్రైల్ రకానివి కొనాలి. ఎండాకాలంలో చెమట పట్టిన చేతికి సరైన సైజు గ్లౌజు ఎక్కనే ఎక్కదు, కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకుని, చేతులు తుడుచుకోవడానికి పొడి గుడ్డ కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. పెట్టెను అంబులెన్సు ముందు అద్దం కింద మాత్రం ఎండలో పెట్టకూడదు. ఏప్రిల్ కర్నూలు ఎండకు రబ్బరు గ్లౌజులు తొడుక్కోగానే చిరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక కొనకూడని వాటిలో మొదటిది రక్తం ఆపే టోర్నికే పట్టీ. అసలు దాన్ని చూసి చేసిన నకలు ఇక్కడ చాలా చవకగా అమ్ముతున్నారు. దాన్ని ఒక స్టూలు కాలికి చుట్టి, పట్టీని బిగించే పుల్లను తిప్పాను. మూడో తిప్పుకే ప్లాస్టిక్ పుల్ల విల్లులా వంగింది. చేయి తెగి రక్తం చిమ్ముతున్నప్పుడు ఆ పుల్ల విరిగితే చేసేదేమీ ఉండదు. అటువంటి నకలు జేబులో ఉండడం కన్నా లేకపోవడమే నయం, ఎందుకంటే లేనప్పుడు గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టాలన్న సంగతైనా గుర్తుంటుంది. మంచి పట్టీ బండిలో ఉంటే దాన్ని గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద పడకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం అందరికీ కనిపించేలా రాయాలి.

అదే అరలో ఒక రబ్బరు గొట్టాన్ని "పాము కాటుకు" అని చెప్పి అమ్మడం నాకు కోపం తెప్పించింది. మన వేరుశెనగ చేలల్లో రక్తపింజరి గానీ, చిన్నపింజరి గానీ కరిచినవారికి కాలు బిగించి కడితే, విషం ఆ ఒక్కచోటే నిలిచి కండను తినేస్తుంది. కోయడం, నోటితో పీల్చడం కూడా అంతే హాని. కరిచిన కాలిని బద్దతో కదలకుండా కట్టి, మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి, నడిపించకుండా, విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడమే ఈఎంటీ పని. ఈ సంగతి పెద్దాయనకు చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ గొట్టం ఇంకా అక్కడే ఉంది.

వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటర్ పనిచేసేదే. ముదురు గోళ్లరంగు ఉన్నా, చేయి చల్లబడినా దాని అంకె నమ్మదగినది కాదని శిక్షణలో నేర్పుతారు. ఫైర్‌మన్‌కు, ఈఎంటీకి ఇద్దరికీ అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. పొగలో చిక్కుకుని బయటకు తెచ్చిన మనిషి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, ఈ పరికరం దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కించి 98, 99 అని చూపిస్తుంది. ఆ అంకె చూసి ఆక్సిజన్ మాస్కు తీసేయకూడదు. తలనొప్పి, తికమక, మగత ఉంటే పూర్తి ఆక్సిజన్ ఇస్తూనే ఆసుపత్రికి చేర్చాలి.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయిన తర్వాత, అద్దాలు పగలగొట్టే స్ప్రింగు పంచ్ ఇక్కడ గల్లా పక్కనే కనిపిస్తోంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర అదే హైదరాబాదు, బెంగళూరు రహదారి మీద బస్సు తగలబడినప్పుడు కూడా ఇటువంటివి కొన్నాళ్లు బాగా అమ్ముడుపోయాయి. ఆ పనిముట్టు మంచిదే, కానీ అది పగలగొట్టేది గట్టిపరచిన గాజును మాత్రమే, అంటే సాధారణంగా పక్క కిటికీలను. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర వేసి అతికించినది కాబట్టి పంచ్‌కు సాలెగూడులా పగులుతుంది తప్ప దారి ఇవ్వదు. పంచ్‌ను కిటికీ మధ్యలో కాకుండా మూలన ఆనించి నొక్కాలి. అంతకుముందు లోపలివారి ముఖానికి ఏదైనా గుడ్డ కప్పించాలి.

టార్చీలలో మందపాటి తోలు గ్లౌజుతో మీట నొక్కగలిగినదాన్ని ఎంచుకున్నాం. నొక్కిన ప్రతిసారీ వెలుగు మారుతూ, చివరికి మిణుకుమిణుకుమనే రకాలను పక్కన పెట్టేశాం. ఇక్కడి టార్చీలు ఏవీ గ్యాసు లీకైన చోట వాడదగినవి కావు. వంట గ్యాసు గాలి కన్నా బరువైనది కాబట్టి నేల మీద, కాలువల్లో పరుచుకుని ఉంటుంది. అక్కడ మీట నొక్కడమే నిప్పురవ్వ కావచ్చు. అటువంటి చోట శాఖ ఇచ్చే ప్రత్యేకమైన టార్చీ ఒక్కటే వాడాలి.

విచిత్రమేమిటంటే, ఇద్దరికీ అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన వస్తువు ఈ దుకాణంలో లేదు. అది సెకన్ల ముల్లు ఉన్న మామూలు చేతి గడియారం. ముప్పై సెకన్లు శ్వాసలు లెక్కించి రెట్టింపు చేయడానికి, గుండె ఆగినవారికి ఛాతీ నొక్కే సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల లయ తప్పకుండా చూసుకోవడానికి అమ్మాయికి అది కావాలి. మావాడికి బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున మోసే గాలి సిలిండరు, మాస్కు) తగిలించుకుని లోపలికి వెళ్లిన సమయం గుర్తుపెట్టుకోవడానికి కావాలి. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ ఒత్తిడి అంటే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కవేస్తే 45 నిమిషాలు రావాలి. బరువు ఎత్తి మెట్లెక్కేవాడు దానికి రెట్టింపు పీలుస్తాడు, అప్పుడు ఆ 45 నిమిషాలు ఇరవై పైచిలుకు నిమిషాలకు పడిపోతాయి. హెచ్చరిక ఈల సుమారు 55 బార్ దగ్గర మోగుతుంది. ఎంత లోపలికి వెళ్లాం, వెనక్కి రావడానికి ఎంత పడుతుందన్న లెక్క ఆ ఈల మోగకముందే తెలిసి ఉండాలి. గడియారాలు చివరికి వన్ టౌన్‌లో రిపేరు చేసే ఒకాయన దగ్గర దొరికాయి.

బిల్లు అడిగితేనే ఇస్తారు, తప్పక అడగాలి, ఎందుకంటే వారం లోపల మార్చుకోవడానికి అది చూపించాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు దుకాణం మూసి ఉంటుంది. ఇంకొక లోపం, బహుశా అన్నిటికన్నా పెద్దది: ఆడపిల్లల పాదాలకు సరిపడే బూట్లు ఇక్కడ లేవు. నాలుగు, ఐదు సైజుల కోసం అమ్మాయి పేరు, ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసుకుని, వారంలో హైదరాబాదు నుంచి తెప్పిస్తామన్నారు. పన్నెండు రోజులైంది, ఇంకా ఫోను రాలేదు. అమ్మాయి శిక్షణ సోమవారం మొదలవుతుంది.