పాత స్పీకర్లకు యమహా ఏ-ఎస్501: చెన్నై ఇంట్లో ఎంతవరకు కుదురుతుంది

1970లు, 80ల నాటి హైఫై స్పీకర్లు ఇంట్లో ఉండి, వాటికి కొత్తగా స్టీరియో ఆంప్లిఫయర్ కొనాలనుకునే వాళ్లకు యమహా ఏ-ఎస్501 ధైర్యంగా చెప్పదగ్గ పెట్టె. అన్ని పాత స్పీకర్లకూ మాత్రం కాదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లోకి అడుగు పెట్టగానే "ఎన్ని వాట్లు కావాలి సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆంప్ డబ్బా మీద దొరకదు. స్పీకర్ వెనక రేకు మీద ఉంటుంది: ఎన్ని ఓములు (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు), ఎంత సెన్సిటివిటీ (1 వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ శబ్దం). అందుకే ముందు స్పీకర్ సంగతి.

రేకు చెరిగిపోయి ఉంటే చవక మల్టీమీటర్ చాలు. 200 ఓముల రేంజిలో పెట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను (సాధారణంగా 0.2 నుంచి 0.5) గుర్తుంచుకోండి. తర్వాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిచి, దాన్ని తీసేయండి. 3 నుంచి 3.7 వస్తే అది 4 ఓముల స్పీకర్, 5.5 నుంచి 7 వస్తే 8 ఓములు, 10 దాటితే 15 లేదా 16. ఇలా కొలిచినప్పుడు తెలిసేది ఊఫర్ (బాస్ పలికే పెద్ద కోన్) సంగతే. ట్వీటర్ (పై స్వరాలు పలికేది) దారిలో కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి అది కాలిపోయినా ఈ కొలతలో బయటపడదు. దాన్ని విప్పి విడిగా కొలవాలి.

సెన్సిటివిటీ లెక్క ఇంకా ముఖ్యం. అపార్ట్‌మెంట్ హాల్లో స్పీకర్లకు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్నారనుకుందాం. 87 డెసిబెల్ స్పీకర్ల జతకు ఒక్కోదానికి 1 వాట్ ఇస్తే కుర్చీ దగ్గర సుమారు 84 డెసిబెల్ వినిపిస్తుంది. కచేరీలో తని ఆవర్తనం (మృదంగం వాళ్ల సోలో) ముగింపు లాంటి చోట శబ్దం ఎగిసిపడితే 95 దాకా కావాలి, అంటే 11 డెసిబెల్ ఎక్కువ, దాదాపు 13 వాట్లు. అదే 83 డెసిబెల్ స్పీకర్ అయితే 32 వాట్లు పడుతుంది, 93 డెసిబెల్‌ది అయితే సుమారు 3 వాట్లు చాలు. ప్రతి 3 డెసిబెల్‌కు పవర్ రెట్టింపు కావాలి. ఈ చిన్న లెక్క చేసుకుంటే రెండొందల వాట్ల ఆంప్ కోసం అప్పు చేసే పని తప్పుతుంది.

ఏ-ఎస్501 ఛానెల్‌కు 8 ఓముల మీద 85 వాట్లు ఇస్తుంది. బరువు పది కిలోలు దాటుతుంది. లోపల బరువైన పాతకాలపు తరహా ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టే ఆ బరువు. 85 వాట్లంటే వోల్టులలో సుమారు 26. దీన్ని వోల్టులలోకి ఎందుకు మార్చామంటే, 15 ఓముల స్పీకర్ల విషయంలో వాట్ల లెక్క తికమక పెడుతుంది. అదే 26 వోల్టులు 15 ఓముల మీద 45 వాట్లే అవుతాయి. చూడ్డానికి సగానికి పడిపోయినట్టుంది, భయం అక్కర్లేదు. బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ తొలి రకం 15 ఓములది, 2.83 వోల్టులకు (8 ఓముల మీద 1 వాట్ అయ్యే వోల్టేజి) 82.5 డెసిబెల్. దాన్ని పైన చెప్పిన 95కు తీసుకెళ్లడానికి 17 వోల్టులు చాలు. ఈ ఆంప్‌కి అది తేలిక. జాగ్రత్త పడాల్సింది రెండో వైపు: ఆ చిన్న ఊఫర్ ఆ 45 వాట్లూ మింగేది కాదు, కాబట్టి వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి అదుపులో ఉండాలి.

జేబీఎల్ ఎల్100 లాంటి 8 ఓముల పెద్ద స్పీకర్లకు ఇది చక్కగా అమరుతుంది. గ్రిల్ ఫోమ్ పొడై రాలిపోయినా కంగారు పడొద్దు, ఎల్100 ఊఫర్ అంచు గుడ్డతో చేసింది, నిలుస్తుంది.

ఈ ఆంప్‌ని పాత స్పీకర్లవాళ్లకు ప్రత్యేకంగా చెప్పడానికి అసలు కారణం ముందు వైపున్న లౌడ్‌నెస్ నాబ్. కొత్త ఆంప్‌లలో చాలావాటికి ఇది లేదు, ఉన్నా ఒక స్విచ్చే, నొక్కితే బాస్ ఉబ్బిపోతుంది. యమహా పద్ధతి వేరు. నాబ్‌ని ఫ్లాట్‌లో పెట్టి, మీరు వినే అత్యధిక స్థాయికి వాల్యూమ్ తెచ్చుకోవాలి. అక్కడి నుంచి వాల్యూమ్ ముట్టుకోకుండా లౌడ్‌నెస్ నాబ్ తిప్పుతూ శబ్దం తగ్గించుకోవాలి. అది మధ్య స్వరాలను ఎక్కువగా, బాస్‌ను తక్కువగా తగ్గిస్తుంది. రాత్రి పదింటికి పక్క ఫ్లాట్‌కి వినపడకుండా పెట్టుకున్నా మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద గుంకీ గుండ్రంగానే వినిపిస్తుంది, తంబురా శ్రుతి పలచబడదు. పైగా ఇక్కడ బాస్‌ని పెంచడం లేదు కాబట్టి వయసుపైబడిన ఊఫర్ మీద అదనపు భారం పడదు. నాబ్‌ని వాల్యూమ్‌లాగా వాడాలన్నది తెలియక, వాల్యూమ్ తక్కువలో ఉంచి దీన్ని తిప్పి "ఏమీ లేదే, శబ్దం తగ్గిపోతోంది" అనుకునేవాళ్లు చాలామంది. ప్యూర్ డైరెక్ట్ (టోన్ నాబ్‌లను దాటవేసే బటన్) నొక్కి ఉంటే ఈ నాబ్ పనిచేయదు, అదీ గమనించండి.

ఎల్పీలకు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకం కార్ట్రిడ్జ్‌కి, అంటే సూది ఉన్న భాగానికి, సరిపోయే ఫోనో ఇన్‌పుట్ ఉంది, ఎంసీ (మూవింగ్ కాయిల్) రకం నేరుగా పెట్టలేరు. టీవీని ఆప్టికల్‌తో కలిపితే టీవీ సెట్టింగ్స్‌లో ఆడియోను పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ రూపం)కి మార్చాలి, లేకపోతే నిశ్శబ్దమే. బ్లూటూత్ లోపల లేదు.

ఇక తడబడే చోటు 4 ఓముల పాత స్పీకర్లు. 1967లో వచ్చిన ఏఆర్-3ఏ లాంటివి కరెంటు బాగా లాగుతాయి, సెన్సిటివిటీ కూడా తక్కువ. వెనక ఉన్న ఇంపిడెన్స్ (ఓముల) సెలెక్టర్‌ని, ఆంప్ ఆఫ్ చేసి ఉన్నప్పుడే, లో వైపుకి మార్చాలి. మామూలు స్థాయిలో పనిచేస్తుంది. పెద్ద హాల్లో గట్టిగా వినాలంటే ఆయాసపడుతుంది, వేడెక్కుతుంది. అలాంటి స్పీకర్లున్నవాళ్లు 4 ఓముల దగ్గర పవర్ దాదాపు రెట్టింపయ్యే, ఇంతకన్నా బరువైన ఆంప్ చూసుకోవడం మేలు. ఏ, బీ టెర్మినళ్లకు తగిలించిన రెండు జతల స్పీకర్లూ ఒకేసారి మోగించాలన్నా ఇదే సంగతి: రెండు 8 ఓముల జతలు కలిస్తే ఆంప్‌కి కనపడేది 4.

ఆంప్ మార్చినా శబ్దం బాగుపడలేదంటే చాలాసార్లు తప్పు స్పీకర్‌దే. చెన్నై సముద్రపు గాలికి, తేమకు ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ మెత్తబడి, వేలితో తాకితే జిగటగా, పొడిపొడిగా ఊడొస్తుంది. చూడటానికి బాగున్నట్టే ఉంటుంది, కోన్‌ని నెమ్మదిగా లోపలికి నొక్కితే మడత దగ్గర పగులు నోరు తెరుస్తుంది. రిపేరు షాపులో "రీకోనింగ్ చేసేద్దాం" అంటే ఒప్పుకోకండి. రీకోనింగ్ అంటే కోన్, కాయిల్ రెండూ మారుస్తారు, స్పీకర్ అసలు స్వరం పోతుంది. ఫోమ్ ఒక్కటే మార్చమని, కాయిల్ రాసుకోకుండా మధ్యలోకి సరిచేసి అతికించమని గట్టిగా చెప్పండి.

స్వరాలను ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్ అయిన క్రాసోవర్‌లోని నాన్-పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు నలభై ఏళ్లకు విలువ జారిపోతాయి, ట్వీటర్ మసకబారుతుంది. అదే మైక్రోఫారడ్ విలువతో మార్చాలి. సమయానికి దొరక్కపోతే మామూలు 10 మైక్రోఫారడ్‌వి రెండు, నెగటివ్ కాళ్లు కలిపి సిరీస్‌లో వేస్తే 5 వస్తుంది. వాటి బదులు ఖరీదైన ఫిలిం కెపాసిటర్లు వేస్తే ట్వీటర్ కాస్త చురుగ్గా పలుకుతుంది, అది అందరికీ నచ్చదు. వెనక ట్వీటర్ లెవెల్ నాబ్ ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. చచ్చిందనుకున్న ట్వీటర్ ఒక్కోసారి అక్కడే లేచి కూర్చుంటుంది.

ఇదే డబ్బులో, ఇంకా తక్కువలో వచ్చే వేరే దారులూ ఉన్నాయి. అరచేతిలో పట్టే టీపీఏ3255 చిప్ ఆంప్‌ల మీద "300 వాట్లు ఇంటూ 2" అని రాసి ఉంటుంది. వెంట ఇచ్చే అడాప్టర్ 48 వోల్టులు, 5 ఆంపియర్లు అయితే మొత్తం 240 వాట్లే లోపలికి వెళ్తాయి. 600 ఎక్కడి నుంచి వస్తాయి? చిన్న గదికి, 8 ఓముల స్పీకర్లకు అవి చెడ్డవేం కాదు. కానీ అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత ఫీడ్‌బ్యాక్ (బయటికి వచ్చినదాన్ని చూసి సరిదిద్దుకునే ఏర్పాటు) లేని రకాల్లో పై స్వరాలు స్పీకర్ ఓములను బట్టి మారిపోతాయి. 4 ఓముల మీద తగ్గుతాయి, ఎక్కువ ఓముల మీద పెరుగుతాయి.

సెకండ్‌హ్యాండ్ జపాన్ ఆంప్ అయితే వెనక రేకు మీద 100 వోల్టులని ఉందేమో చూడకుండా మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. కొనేముందు స్పీకర్ తగిలించకుండా ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ మిల్లీవోల్టులు కొలవండి. 50 లోపు ఉండాలి. దాటి ఎక్కుతూ పోతుంటే వదిలేయండి, లేకపోతే ఆ డీసీ మీ ఊఫర్ కాయిల్‌ని కాలుస్తుంది. ఆన్ చేసిన కొన్ని సెకన్లకు రిలే (స్పీకర్‌ని కలిపే లోపలి స్విచ్) టక్కుమనాలి. ఒక ఛానెల్ వస్తూ పోతూ ఉంటే రిలే కాంటాక్టులు నల్లబడ్డాయని అర్థం, అది చిన్న రిపేరే.

చివరగా వైరింగ్. నాలుగు మీటర్లలోపు దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ సరిపోతుంది, రానూపోనూ 0.1 ఓము లోపే. 4 ఓముల స్పీకర్లకైతే 2.5 తీసుకోండి. పాత యూరప్ స్పీకర్లకు రెండు పిన్నుల డిన్ ప్లగ్ ఉంటుంది: గుండ్రటి పిన్ను ప్లస్, చదునైనది మైనస్. అనుమానముంటే 1.5 వోల్టుల సెల్‌ని ఒక్క క్షణం తాకించండి, కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలింది స్పీకర్ ప్లస్‌కే. పాత జేబీఎల్ డ్రైవర్లలో ఇది తలకిందులుగా ఉంటుంది, రెండు స్పీకర్లూ ఒకేలా కదిలితే చాలు. ఏ-ఎస్501ని షోకేస్ అరలో ఇరికించకుండా పైన ఒక అడుగు ఖాళీ వదలండి, చెన్నై మే నెలలో అది తప్పనిసరి.